జింకల లెక్క

మన తెలుగువాళ్ళకి అమెరికా జింకలతో పరిచయం సాధారణంగా రెండు సందర్భాల్లో కలుగుతుంది. పెరట్లో ప్రాణంగా పెంచుకున్న చిక్కుడు పాదూ, బెండ మొక్కలూ తెల్లారేసరికి మోళ్ళుగా మిగిలినప్పుడు ఒకసారి. నవంబరు చీకట్లో ఆఫీసు నుంచి ఇంటికొస్తుంటే ఎక్కణ్ణించో ఊడిపడి కారుకి అడ్డం వచ్చినప్పుడు ఇంకోసారి. నాకు ఈ రెండూ కాక మూడో పరిచయం కూడా కలిగింది. అది కాగితాల మీద.

నేనుండేది పెన్సిల్వేనియాలో. నాతో చాలాకాలం పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషికి ఉత్తరాన కొండల్లో ఒక హంటింగ్ క్లబ్బులో సభ్యత్వం ఉంది. వాళ్ళ తాతల కాలంలో కొందరు స్నేహితులు చేరి, చెట్లు కొట్టేసిన భూమి చవగ్గా వస్తే కొనుక్కుని, అందులో ఒక చెక్క ఇల్లు కట్టుకున్నారట. అప్పటినుంచీ అక్కడ కొట్టిన ప్రతి జింకనీ రిజిస్టర్లలో రాసుకుంటూ వచ్చారు. ఆ కాగితాలు చిరిగిపోయేలోపు కంప్యూటర్లోకి ఎక్కించిపెట్టమని ఆయన నన్నడిగాడు. నేను మాంసం తినను, తుపాకి ఎప్పుడూ ముట్టుకోలేదు. మన పురాణాల్లో జింక వెంట పడ్డవాడికి మేలు జరిగిన కథ ఒక్కటీ నాకు గుర్తు రాదు. పాండురాజుకి శాపం తగిలింది, రాముడికి సీత దూరమైంది. అయినా లెక్కలంటే ఉన్న మోజు కొద్దీ ఒప్పుకున్నాను.

పాత రిజిస్టర్లలో నాలుగే గళ్ళు: తేదీ, కొట్టినవాడి పేరు, కొమ్ములకి ఎన్ని మొనలు, బరువెంత. దాదాపు అన్నీ మగజింకలే. తర్వాతి వాటిలో గళ్ళు పెరుగుతూ వచ్చాయి: ఆడదా మగదా, వయసెంత, కొమ్ము మొదలు ఎంత లావు, ఆడదైతే పొదుగులో పాలున్నాయా? ఈ గళ్ళు ఎందుకు పెరిగాయని అడిగితే ఆయన గంటసేపు చెప్పాడు. మిగతాది నేను చదివి తెలుసుకున్నాను. ఒక రాష్ట్రం వందేళ్ళపాటు తనతో తాను పడ్డ తగువు ఆ గళ్ళ వెనక ఉంది.

జింకల్లేని అడవి

పెన్సిల్వేనియా అంటేనే పెన్ గారి అడవి అని అర్థం. కాని 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి ఆ పేరులో తప్ప అడవి పెద్దగా మిగల్లేదు. కలప కోసం పైన్ చెట్లు, తోళ్ళు ఊనడానికి బెరడు కోసం హెమ్లాక్ చెట్లు, ఇనుప కొలుముల బొగ్గు కోసం మిగిలిన చెట్లు పోయాయి. ఉత్తరపు కొండలు మైళ్ళకి మైళ్ళు మోళ్ళతో నిండాయి. వాటి మీద ఎండుకొమ్మలకి నిప్పంటుకుని ఏటా కార్చిచ్చులు. తోడేళ్ళనీ, కొండసింహాలనీ బహుమతులిచ్చి మరీ చంపించారు. జింకల్ని డబ్బు కోసం వేటాడి, మాంసం రైళ్ళకెక్కించి పట్నాల హోటళ్ళకి పంపారు. 1900 నాటికి దేశం మొత్తం మీద తెల్లతోక జింకలు ఐదు లక్షల లోపే ఉండేవని అంచనా. ఇప్పుడవి మూడు కోట్ల దాకా ఉంటాయి.

ఆ కరువు రోజుల్లోనే వేటగాళ్ళకి భయం పుట్టింది. డబ్బున్నవాళ్ళు అప్పటికే సొంత క్లబ్బులు పెట్టుకున్నారు. పైక్ కౌంటీలో 1871లో మొదలైన బ్లూమింగ్ గ్రోవ్ అలాంటి వాటిలో తొలితరానిది. దాని స్థాపకుల్లో ఒకడైన చార్లెస్ హాలక్ రెండేళ్ళ తర్వాత ‘ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్’ పత్రిక పెట్టి, వేటకి హద్దులుండాలని ప్రచారం చేశాడు. 1895లో రాష్ట్రం గేమ్ కమిషన్‌ని ఏర్పాటు చేసింది. 1897లో కుక్కలతో జింకల్ని తరమడాన్నీ, ఉప్పు పెట్టి మాటు వెయ్యడాన్నీ నిషేధించారు. 1900లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన లేసీ చట్టం దొంగవేట మాంసాన్ని రాష్ట్రాల సరిహద్దులు దాటించడాన్ని నేరం చేసింది. 1906లో మిషిగన్ నుంచి 50 జింకల్ని కొని తెచ్చి అడవిలో వదిలారు. ఇవాళ మన బెండ మొక్కల్ని తినిపోతున్న జింకల్లో కొన్నిటి ముత్తాతలు అలా రైలెక్కి వలస వచ్చినవే.

ఆడదాని మీద చెయ్యెత్తకు

1907లో వచ్చింది అసలు చట్టం. దాన్ని ‘బక్ లా’ అంటారు. కొమ్ములున్న మగజింకనే కాల్చాలి, కొమ్ముల్లేనిదాన్ని ముట్టుకోకూడదు. ఇందులో తర్కం సులభంగానే అర్థమవుతుంది. ఒక మగజింక చాలా ఆడజింకలతో కలవగలదు కనక మగవి కొన్ని పోయినా పుట్టే పిల్లల సంఖ్య తగ్గదు. ఆడది పోతే దానితోపాటు దాని సంతానమంతా పోతుంది. పైగా కొమ్ములు కనపడేదాకా ఆగి కాలిస్తే, పొదల్లో కదిలిన సాటి మనిషిని జింకనుకుని కాల్చే ప్రమాదమూ తగ్గుతుంది.

చట్టం చేసినంత మాత్రాన జనం వింటారా? అందుకని కమిషన్ దాన్ని నీతిగా బోధించింది. మగవాడైనవాడు ఆడజింకని కాల్చడన్నారు. తండ్రులు కొడుకులకి చెప్పారు, కొడుకులు మనవలకి చెప్పారు. పని చేసింది కూడా. నరికిన అడవి మళ్ళీ మొలకెత్తే కాలం అది. నేల నిండా లేత కొమ్మలు, చిగుళ్ళు, జింక నోటికి సరిగ్గా అందే ఎత్తులో. తోడేళ్ళు లేవు. ఆడవాటిని కాల్చేవాడు లేడు. జింకలు పెరగడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఎంత వేగంగా పెరుగుతాయో చూపించే లెక్క ఒకటి మిషిగన్‌లో ఉంది. 1928లో అక్కడ జార్జ్ రిజర్వ్ అనే సుమారు 1200 ఎకరాల కంచె లోపల ఆరు జింకల్ని వదిలారు, నాలుగు ఆడవి, రెండు మగవి. 1933 డిసెంబరులో మనుషులు వరసగా నిలబడి అడవిని జల్లెడ పట్టి లెక్కపెడితే 160 తేలాయి. తిండి బాగా దొరికితే ఆడజింక ఏటా కవలల్ని కంటుంది. చదరంగం గళ్ళలో వడ్లగింజలు పెట్టిన కథ లాంటిదే ఇది కూడా.

1920లు వచ్చేసరికి పెన్సిల్వేనియా రైతులు మొరపెట్టుకోవడం మొదలుపెట్టారు. 1923లో కొద్దిచోట్ల ఆడజింకల వేటకి అనుమతిచ్చారు. అంతలో అడవి ఎదిగింది. ఎదిగిన అడవిలో ఆకులన్నీ పైన, నోళ్ళన్నీ కింద. జింక మూతి అందినంత మేర పచ్చదనం ఖాళీ, గీత గీసినట్టు. చలికాలంలో మంచు మీద జింకలు ఆకలితో పడిపోవడం మొదలైంది. ముందు పోయేవి పిల్లలు. పెద్దవి వెనక కాళ్ళ మీద నిలబడి అందుకున్న కొమ్మ వాటికి అందదు.

చివరికి 1928లో కమిషన్ సాహసం చేసి మగజింకల వేట ఆపి, రాష్ట్రమంతటా ఆడవాటినే కాల్చమంది. తాను ఇరవయ్యేళ్ళు బోధించిన నీతిని తానే కాదన్నట్టయింది. వేటగాళ్ళు మండిపడ్డారు. అయినా పాతిక వేల జింకలు పడ్డాయి. 1938లో మళ్ళీ అలాగే చేస్తే ఆ ఒక్క సీజన్లో లక్షా 70 వేలకు పైగా పడ్డాయి. ఈ అంకెలు చూసి జనం జింకల జాతే అంతరించిపోతుందన్నారు. అంతరించలేదు. కాని ఆ పేరుతో కమిషన్ వెనక్కి తగ్గింది. కొన్నేళ్ళు ఆడవాటి వేటకి అనుమతివ్వడం, గొడవ కాగానే ఆపడం, ఇదే వరస.

ఈ తగువు ఒక్క పెన్సిల్వేనియాదే కాదు. విస్కాన్సిన్‌లో 1943లో ఆల్డో లియోపోల్డ్ కమిషన్ సభ్యుడిగా ఆడజింకల వేటకి మద్దతిచ్చాడు. ఆ ఏడాది లక్షా 28 వేల జింకలు పడ్డాయి. ఆయన్ని తిట్టడానికే ‘సేవ్ విస్కాన్సిన్స్ డీర్’ అని ఒక పత్రిక పుట్టింది. ఇవాళ అమెరికాలో వన్యప్రాణి శాస్త్రానికి పితామహుడని పేరున్న మనిషి, 1948లో చనిపోయేదాకా ఈ విషయంలో మాటలు పడుతూనే ఉన్నాడు. ఇక్కడ పెన్సిల్వేనియాలో కమిషన్ పరిశోధన విభాగానికి పెద్దగా ఉన్న రోజర్ లేథమ్ 1950లో రాష్ట్రపు జింకల సమస్య మీద వివరంగా రాశాడు. ఆడజింకల్ని తగ్గించాలని పట్టువదలకుండా వాదిస్తూ వచ్చినందుకు 1957లో ఆయన ఉద్యోగం పోయింది.

కళ్ళకి కనిపించేదీ, కనిపించనిదీ

చదువుకున్నవాళ్ళు ఇంతగా చెబుతుంటే వేటగాళ్ళు ఎందుకు నమ్మలేదు? వాళ్ళు మూర్ఖులు కారు. వాళ్ళ కళ్ళతో చూస్తే నాకు సంగతి అర్థమైంది. ఇక్కడ థాంక్స్ గివింగ్ తర్వాతి సోమవారం అంటే పల్లెల్లో పండగ. బళ్ళకి సెలవు, ఫ్యాక్టరీలు సగం ఖాళీ. దశాబ్దాల పాటు రైఫిల్ సీజను ఆ రోజే మొదలయ్యేది. 2019లో దాన్ని శనివారానికి మార్చారు. ఆ రోజు పొద్దున చెట్టుకింద కూర్చున్నవాడికి గంటలో ముప్ఫై జింకలు ఎదురుగా పోతే, అడవి నిండుగా ఉందనుకుంటాడు. వాటిలో కొమ్ములున్నది ఒక్కటీ లేకపోయినా రేపు వస్తుందని ఆశ. కనిపించే జింకలే అతనికి సంపద. అతనికి కనిపించనివి, మొలవని మొక్కలు. లేనిదాన్ని చూడ్డం ఎవరికైనా కష్టమే.

దాన్ని చూపించడానికి అలెగెనీ అడవుల్లో ఫారెస్ట్ సర్వీస్ శాస్త్రజ్ఞులు పదేళ్ళపాటు ఒక ప్రయోగం చేశారు. 1979లో మొదలైంది. అడవిని కంచెలతో విడగొట్టి, చదరపు మైలుకి 10 నుంచి 60 పైచిలుకు దాకా నాలుగు స్థాయిల్లో జింకల్ని ఉంచారు. జింకలు 20 దాటినచోట పరిస్థితి దిగజారడం మొదలైంది. జింకలు ఇష్టంగా తినే మొక్కలు మాయమై, అవి ముట్టని ఫెర్న్ మొక్కలు నేలంతా చాపలా పరుచుకున్నాయి. ఆ చాప కింద వెలుతురు లేక చెట్ల విత్తనాలు పైకి రావు. ఇది కాక, నడిమి ఎత్తు పొదల్లో గూళ్ళు కట్టే పక్షులు కూడా తగ్గిపోయాయని అదే ప్రయోగంలో తేలింది. పాత చెట్లు నిలబడి ఉంటాయి కనక దూరం నుంచి చూసేవాడికి అది అడవే. కాని పిల్లలు లేని ఊరు లాంటిది. ముసలివాళ్ళు పోయాక ఇళ్ళుంటాయి, మనుషులుండరు.

మన నల్లమలలో ఈ లెక్కలు ఎవరూ వెయ్యక్కర్లేదు. అక్కడ పులి ఉంది, చిరుతపులి ఉంది, గుంపులుగా తిరిగే రేచుకుక్కలున్నాయి. దుప్పుల్లో ఏది పోవాలో అవి నిర్ణయిస్తాయి. 1972 చట్టంతో మన దేశంలో వేట ఆగింది కాని, ఆ జంతువుల వేట ఆగలేదు. పెన్సిల్వేనియాలో తోడేలు పని చెయ్యడానికి మనిషి తప్ప ఇంకెవడూ మిగల్లేదు. కాని తోడేలు కొమ్ములు చూసి ఎంచుకోదు. మనిషి ఎంచుకుంటాడు. తగువంతా అక్కడే ఉంది.

ఎలుగుబంట్ల డాక్టరు

1999లో కమిషన్ జింకల విభాగాన్ని గ్యారీ ఆల్ట్ అనే శాస్త్రజ్ఞుడికి అప్పజెప్పింది. అంతకుముందు ఎలుగుబంట్ల మీద పరిశోధనతో ఆయనకి రాష్ట్రమంతా మంచి పేరుంది. ఆయన ఊరూరా తిరిగి, స్కూలు ఆడిటోరియంలలో వేలమందికి బొమ్మలు చూపించి చెప్పాడు. చంపుతామని బెదిరింపులొస్తే లోపల బుల్లెట్లు తగలని చొక్కా వేసుకుని సభలకి వెళ్ళాడంటారు. జింకల గురించి మాట్లాడ్డానికి!

ఆయన చెప్పినవి రెండు. మొదటిది, ఆడవాటిని తగ్గించాలి. 2001లో ఆడ, మగ జింకల రైఫిల్ సీజన్లు రెంటినీ ఒకేసారి పెట్టారు. రెండోది, మగవాటిని ఎదగనివ్వాలి. అప్పటిదాకా ఏటా పడే మగజింకల్లో నూటికి 80కి పైగా ఏడాదిన్నర వయసువే. పుట్టిన రెండో శరదృతువు దాటి బతికేది తక్కువ. 2002 నుంచి కొమ్ముకి మూడు మొనలన్నా, పశ్చిమాన నాలుగు మొనలన్నా ఉంటేనే కాల్చాలని నియమం పెట్టారు. ఆ ఏడాది రాష్ట్రంలో ఐదు లక్షల 17 వేల జింకలు పడ్డాయి. అది రికార్డు.

ఇదంతా ఆయన ఒక్కడి బుర్రలో పుట్టలేదు. టెక్సాస్‌లో ఆల్ బ్రదర్స్, మర్ఫీ రే అనే ఇద్దరు 1975లో పుస్తకం రాసి, ప్రైవేటు భూముల్లో చిన్న మగవాటిని వదిలి ఆడవాటిని తగినన్ని కాల్చమన్నారు. సౌత్ కరొలైనాలో జో హామిల్టన్ 1988లో అదే పద్ధతిని క్లబ్బులకి నేర్పే సంఘం పెట్టాడు. అక్కడి నుంచే ఈ పద్ధతి దేశమంతా పాకింది.

తర్వాత కథ మామూలే. మొదటి ఒకటి రెండేళ్ళు చప్పట్లు. తర్వాత చెట్టుకింద కూర్చున్నవాడికి ముప్ఫై బదులు మూడు కనిపించేసరికి తిట్లు. కొందరు కోర్టుకెక్కారు. ఆల్ట్ 2004 చివర్లో ఉద్యోగం వదిలేశాడు. కాని నియమాలు పూర్తిగా పోలేదు. ఇప్పుడు పడే మగజింకల్లో సగానికి మించి రెండున్నరేళ్ళు దాటినవే.

క్లబ్బులో తీర్మానం

రాష్ట్రం నియమాలు పెట్టినా అసలు నిర్ణయం జరిగేది క్లబ్బు ఇంట్లో, పొయ్యి చుట్టూ. 2003లో కమిషన్ డీమ్యాప్ అనే పథకం తెచ్చింది. భూమి ఉన్నవాళ్ళు దరఖాస్తు పెడితే, విస్తీర్ణాన్ని బట్టి అదనంగా ఆడజింకల్ని కాల్చడానికి పర్మిట్లు దొరుకుతాయి. తీసుకోవాలా వద్దా అని ఈ క్లబ్బులో మూడేళ్ళు కొట్టుకున్నారట. పెద్దవాళ్ళు వద్దన్నారు. ఒక ముసలాయన, “నా మనవడు ఒక్క జింకని కూడా చూడకుండా ఇంటికెళితే మళ్ళీ ఇక్కడికి వస్తాడా?” అని అడిగాడట. దానికి ఎవరిదగ్గరా జవాబు లేదు. ఆ ప్రశ్నలో న్యాయముంది. అడవి బాగుపడ్డానికి పాతికేళ్ళు పడుతుంది, కుర్రవాడి సరదా పోవడానికి రెండు సీజన్లు చాలు.

చివరికి ఒప్పించినవి అంకెలే. గళ్ళు పెరిగింది అప్పుడే. వయసు గడిలో అంకె దవడ ఎముక చూసి రాసేది. 1949లో న్యూయార్క్ శాస్త్రజ్ఞుడు సెవరింగ్‌హౌస్ చెప్పిన పద్ధతి అది. మూడో దవడ పన్ను పాలపన్నుగా ఉన్నప్పుడు మూడు భాగాలుగా ఉంటుంది. శాశ్వతమైన పన్ను వచ్చాక రెండు భాగాలే. ఆ మార్పు ఏడాదిన్నరకి జరుగుతుంది. తర్వాత అరుగుదలని బట్టి వయసు కడతారు. వయసు తెలియకుండా బరువు రాస్తే ఆ అంకెకి అర్థం లేదు. ఒకే వయసు జింకలు ఏటేటా తేలికవుతుంటే తిండి చాలడం లేదని గుర్తు. నవంబరులో పెద్ద ఆడజింకల పొదుగుల్లో పాలు తక్కువ కనిపిస్తే పిల్లలు బతకడం లేదని గుర్తు. తక్కెడ అబద్ధం చెప్పదు. కనిపించే జింకల సంఖ్య మాత్రం చెబుతుంది.

కొన్ని నమ్మకాలు కూడా పోవలసి వచ్చింది. ఒంటి మొన కొమ్ములున్న మగజింకది చెడ్డ రక్తమని, దాన్ని ముందే ఏరిపారెయ్యాలని పాత సభ్యులు అనేవారు. ఏడాదిన్నర పిల్లకి కొమ్ములు చిన్నవిగా ఉంటే అది చాలావరకు ఆలస్యంగా పుట్టడం వల్ల, తిండి చాలకపోవడం వల్ల. పైగా మగపిల్లల్లో ఎక్కువ భాగం ఆ వయసులో తల్లిని వదిలి మైళ్ళ దూరం పోతాయి. కొన్ని వందల ఎకరాల క్లబ్బులో ఏరివేతతో జాతిని బాగుచెయ్యడం కుదిరే పని కాదు. మనం వదిలిన పిల్ల పక్కవాడి భూమిలో పడుతుంది, పక్కవాడు వదిలింది మన దగ్గరికొస్తుంది. అంచేత క్లబ్బువాళ్ళు ఆ మూడేళ్ళలో ఎక్కువకాలం ఇరుగుపొరుగు క్లబ్బులతో మాట్లాడటానికే ఖర్చు పెట్టారు. ఆడజింకలు అలా పోవు. తల్లి, కూతుళ్ళు, మనవరాళ్ళు ఒకే చోట ఉంటాయి. అందుకే క్లబ్బు చేతిలో నిజంగా ఉన్న నిర్ణయం ఆడజింకల గురించినదే. వందేళ్ళుగా చెయ్యకూడదని నేర్పిందీ అదే.

ఇక్కడివాళ్ళు దీన్ని హార్వెస్ట్ అంటారు. మన మాటలో కోత. మొదట్లో నాకా మాట వింటే ఒళ్ళు మండేది. చంపడానికి ముసుగు వెయ్యడం అనిపించేది. ఇప్పటికీ ఆ మాట నాకు ఇష్టం లేదు. కాని దాని వెనక ఉన్న లెక్కని కాదనలేను. చంపకపోవడం నిర్ణయం కాదని, ఊరికే ఉండటమని మనం అనుకుంటాం. జింకల విషయంలో ఊరికే ఉండటం కూడా ఒక నిర్ణయమే. దాని ఫలితం ఫిబ్రవరి మంచులో, ఎవరూ చూడని చోట పడి ఉంటుంది. 1907 చట్టం దయతో పుట్టింది, దాని కాలానికి అది మంచిదే. కాలం మారాక దయ పేరుతో నిలిచింది అలవాటు.

రాబోయే కష్టం ఇంకోటి ఉంది. 1982లో పెన్సిల్వేనియాలో 13 లక్షలమంది వేట లైసెన్సులు తీసుకున్నారు. ఇప్పుడు తొమ్మిది లక్షల దరిదాపుల్లో ఉన్నారు, అందులో తలలు నెరిసినవాళ్ళు చాలామంది. 2012లో ఇక్కడ మొదటిసారి కనిపించిన సీడబ్ల్యూడీ అనే ప్రాణాంతక రోగం జింకలు గుంపుగా ఉన్నచోట సులువుగా పాకుతుంది. మందు లేదు. పెన్సిల్వేనియా జింకలకి కొండసింహం పోయి, తోడేలు పోయి, చివరికి మనిషి మిగిలాడు. ఇప్పుడు మనిషి కూడా కొండ దిగి పోతున్నాడు. ఆడజింకని కాల్చవచ్చా కాల్చకూడదా అని వందేళ్ళు తగువు పడ్డ రాష్ట్రంలో, ఆ తగువు తీరేసరికి తుపాకి పట్టేవాడు దొరకడం కష్టమవుతుందేమో. అప్పుడు నా పెరట్లో చిక్కుడు పాదుకే కాదు, ఆ కొండల మీద ఇప్పుడే తల ఎత్తుతున్న ఓక్ మొక్కలకీ కంచె కట్టాల్సి వస్తుంది. అంత కంచె ఎవరి దగ్గరా లేదు.